తెలియని బైట్లు కనిపిస్తే కనెక్షన్ తెంచకండి: సర్వర్లు, ఫైర్‌వాల్‌లు నడిపేవారికి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ శాఖలు, సహకార బ్యాంకులు, విశ్వవిద్యాలయాల సర్వర్లు, ఫైర్‌వాల్‌లు చూసుకునే నిర్వాహకులకు, ఆ పరికరాలు కొనే టెండర్ కమిటీల సభ్యులకు,

నమస్కారం.

బ్రౌజర్ మీ సర్వర్‌ను పలకరించే తీరు మారింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ 124 కొత్త తరహా కీ మార్పిడిని (సమాచారాన్ని దాచే తాళాన్ని రెండు పక్కలా కుదుర్చుకునే తంతును) డెస్క్‌టాప్‌లో డిఫాల్ట్‌గా ఆన్ చేసింది. అదే ఏడాది ఆగస్టు 13న అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్, దాని మూల పద్ధతిని ఎంఎల్-కెమ్ పేరుతో ఫిప్స్ 203 ప్రమాణంగా ఖరారు చేసింది. 2025 ఫిబ్రవరిలో గో ప్రోగ్రామింగ్ భాష 1.24, ఏప్రిల్‌లో సర్వర్లలో విరివిగా వాడే గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5 కూడా దీన్ని డిఫాల్ట్ చేశాయి. అంటే మీరు ఏ మార్పూ చేయకపోయినా, మీ సర్వర్‌కు వచ్చే మొదటి సందేశం ఇప్పటికే మారిపోయింది. చాలా చోట్ల ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది వచ్చిన చోట మాత్రం జరుగుతున్న చికిత్స తప్పు: కొత్త పద్ధతిని బ్రౌజర్ పాలసీతో ఆపేయడం, లేదా పాత బ్రౌజర్ వాడమని సిబ్బందికి సర్క్యులర్ పంపడం. ఆ అలవాటు మానుకోమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాం.

ముందు అసలు మార్పేమిటో చూడండి. వెబ్ కనెక్షన్లను గోప్యంగా ఉంచే ప్రోటోకాల్ టీఎల్‌ఎస్. దాని 1.3 వెర్షన్‌లో క్లయింట్ (అంటే బ్రౌజర్) తన మొదటి సందేశమైన క్లయింట్ హలోలోనే కీ మార్పిడికి తన వాటాను పెట్టి పంపుతుంది. ఇంతకాలం ఆ వాటా ఎక్స్25519 పద్ధతిలో 32 బైట్లు. కొత్త మిశ్రమ పద్ధతిలో దానికి ఎంఎల్-కెమ్-768 వాటా 1184 బైట్లు తోడై, మొత్తం 1216 బైట్లవుతుంది. సర్వర్ తిరిగి పంపేది 1120 బైట్లు. పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండింటి రహస్యాలూ కలిపి తాళం తయారవుతుంది కాబట్టి, వాటిలో ఒకటి రేపు విరిగినా రెండోది కాపాడుతుంది. ఈరోజు తీగల మీద పోయే గుప్త సమాచారాన్ని దాచిపెట్టుకుని, క్వాంటం కంప్యూటర్లు వచ్చాక విప్పుకునే దాడి నుంచి రక్షణ ఇదే. భూమి రికార్డులు, ఆరోగ్య రికార్డులు ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా గోప్యంగా ఉండాల్సినవి. అందుకే ఈ మార్పు మీ శాఖలకు ఇంకా ఎక్కువ అవసరం.

పాత సర్వర్‌కు ఇది అర్థం కాకపోతే ఏమవ్వాలి? ఏమీ కాకూడదు. ఈ పద్ధతికి కేటాయించిన సంఖ్య 4588. క్లయింట్ తన జాబితాలో 4588తో పాటు పాత ఎక్స్25519ను కూడా ఇస్తుంది. క్రోమ్, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5 రెండూ రెండు వాటాలనూ కలిపే పంపుతాయి. తెలియని సంఖ్యను సర్వర్ వదిలేసి, తెలిసినదాన్ని ఎంచుకోవాలి. సర్వర్‌కు టీఎల్‌ఎస్ 1.2 మాత్రమే వస్తే ఆ వాటా ఉన్న ఎక్స్‌టెన్షన్‌నే (హలోకు చేర్చిన అదనపు భాగాన్నే) పట్టించుకోకుండా 1.2లో జవాబివ్వాలి. వెనకటి పొందిక, అంటే కొత్తవి పాతవాటితో కలిసి పనిచేయడం, మొత్తం ఈ ఒక్క నియమం మీద నిలబడి ఉంది. దాన్ని పాటించే సర్వర్ 2012 నాటిదైనా ఈనాటి బ్రౌజర్‌తో మాట్లాడగలదు.

మరి తెగిపోతున్నది ఎక్కడ? ఎక్కువగా పొడవు దగ్గర.

ఈథర్నెట్ ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. ఐపీ, టీసీపీ హెడర్లకు (ప్యాకెట్ ముందుండే చిరునామా వివరాలకు) చెరో 20 పోతే మిగిలేది 1460; టైమ్‌స్టాంపులు ఆన్‌లో ఉంటే 1448. పాత క్లయింట్ హలో చాలావరకు 500 బైట్ల చుట్టూ ఉండి ఒకే ప్యాకెట్‌లో పట్టేది. కొత్తది 1700 దాటుతుంది, రెండు ప్యాకెట్లలో వస్తుంది. టీసీపీ బైట్ల ప్రవాహం మాత్రమే, సందేశాల హద్దులు దానికి తెలియవు. కానీ ఎన్నో సర్వర్ ప్రోగ్రాములు, లోడ్ బ్యాలెన్సర్లు (వచ్చే పనిని పలు సర్వర్లకు పంచే పెట్టెలు) ఒక్కసారి చదివి, వచ్చినదే పూర్తి సందేశమనుకుని విడదీయడం మొదలుపెడతాయి. రెండు పేజీల అర్జీలో మొదటి పేజీ అందగానే, సంతకం లేదని తిప్పి పంపడం లాంటిదిది. ఇన్నేళ్లూ సందేశం చిన్నదిగా ఉండటం వల్ల ఆ తప్పు బయటపడలేదు.

సరిచేయడం కష్టం కాదు. టీఎల్‌ఎస్ సమాచారాన్ని రికార్డులనే కట్టలుగా పంపుతుంది. మొదట 5 బైట్ల రికార్డ్ హెడర్ చదవండి. మొదటి బైటు 22 ఉండాలి, తర్వాతి రెండు వెర్షన్, చివరి రెండు నిడివి. ఆ నిడివి మొత్తం అందేదాకా చదువుతూనే ఉండండి. లోపల 4 బైట్ల హ్యాండ్‌షేక్ (కనెక్షన్ కుదుర్చుకునే సంభాషణ) హెడర్ ఉంటుంది: ఒక బైటు రకం, మూడు బైట్ల నిడివి. ఈ నిడివికి ఆ 4 బైట్లు కలిపితే రికార్డ్ నిడివి కన్నా పెద్దదైతే సందేశం తర్వాతి రికార్డ్‌లో కొనసాగుతోందని అర్థం, దాన్నీ కలపాలి. ఒక రికార్డ్ 16384 బైట్లకు మించదు కాబట్టి మెమరీ నిండిపోతుందన్న భయం అక్కర్లేదు. ఒక్కో కనెక్షన్‌కు గరిష్ఠ పరిమితి, సెకన్లలో ఒక గడువు పెట్టుకుంటే చాలు. రికార్డ్ హెడర్‌లోని వెర్షన్ బైట్లను చూసి నిర్ణయాలు తీసుకోకండి. పొందిక కోసం ఆ బైట్లలో పాత విలువలే ఉంటాయి.

ఫైర్‌వాల్‌ది మరో రకం ఇబ్బంది. ఏ సైట్‌కు వెళ్తున్నారో తెలుసుకోవడానికి అది క్లయింట్ హలోలోని సర్వర్ పేరు ఎక్స్‌టెన్షన్‌ను వెతుకుతుంది, అదీ మొదటి ప్యాకెట్‌లోనే. క్రోమ్ 2023 నుంచి ఎక్స్‌టెన్షన్ల వరుసను ప్రతి కనెక్షన్‌కూ కలగాపులగం చేస్తోంది. కాబట్టి పేరు ఒకసారి మొదటి ప్యాకెట్‌లో, మరోసారి రెండోదానిలో పడుతుంది. ఫలితం: అదే సైట్ ఒకసారి తెరుచుకుంటుంది, రెండుసార్లు రీలోడ్ చేస్తే ఒకసారి వేలాడుతుంది. హెల్ప్‌డెస్క్‌కు 'నెట్ స్లోగా ఉంది' అనే ఫిర్యాదు వస్తుంది. ఫైర్‌వాల్ చప్పుడు చేయకుండా ప్యాకెట్ పారేస్తే క్లయింట్ టీసీపీ దాన్నే మళ్లీ మళ్లీ పంపుతూ, ప్రతిసారీ వేచి ఉండే సమయాన్ని రెట్టింపు చేస్తుంది. అందుకే తెగిపోవడం కాక నెమ్మదించడంలా కనిపిస్తుంది. అడపాదడపా వచ్చే ఈ లక్షణం కనబడితే లైన్‌ను, డీఎన్‌ఎస్‌ను అనుమానించే ముందు ఫైర్‌వాల్‌కు రెండువైపులా ప్యాకెట్లు పట్టి పోల్చండి. లోపలి వైపు రెండు సెగ్మెంట్లు (టీసీపీ పంపే ముక్కలు), బయటి వైపు ఒకటే కనిపిస్తే దోషి దొరికినట్టే.

మూడో చోటు ఎంటీయూ, అంటే ఒక లైన్ మోయగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం. దీని గురించి మాట్లాడేవారు తక్కువ, కానీ జిల్లా, మండల కార్యాలయాల్లో ఎక్కువగా తగిలే అవకాశం ఉన్నది ఇదే. పీపీపీఓఈ (లాగిన్‌తో కనెక్ట్ అయ్యే పద్ధతి) మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ లైన్లలో ఎంటీయూ 1492 మాత్రమే. దాని మీద వీపీఎన్ టన్నెల్ వేస్తే ఇంకా తగ్గుతుంది. ప్యాకెట్ పెద్దదైతే దారిలోని రౌటర్ ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు తెలిపే ప్రోటోకాల్) రకం 3, కోడ్ 4 సందేశంతో ఆ విషయం చెప్పాలి. 'భద్రత' పేరిట ఐసీఎంపీ మొత్తాన్నీ అడ్డుకున్న నెట్‌వర్క్‌లలో ఆ సందేశం చేరదు. ఇంతవరకూ క్లయింట్ వైపు నుంచి మొదట్లో వెళ్లేవన్నీ చిన్న ప్యాకెట్లే కాబట్టి ఆ లోపం దాగి ఉంది. ఇప్పుడు మొట్టమొదటి సందేశమే నిండు ప్యాకెట్. టీసీపీ కనెక్షన్ కుదురుతుంది, క్లయింట్ హలో మాయమవుతుంది. మందు రెండు ముక్కల్లో: రకం 3 కోడ్ 4ను అనుమతించండి, టన్నెల్ అంచున ఎంఎస్‌ఎస్‌ను (ఒక్కో టీసీపీ సెగ్మెంట్ గరిష్ఠ పరిమాణాన్ని) టన్నెల్ ఎంటీయూ కన్నా 40 తక్కువకు బిగించండి. పీపీపీఓఈ లైన్‌కు అది 1452.

ఇలాంటి చోట కొత్తదాన్ని ఆపేస్తే పోయిందేముంది అని మీరు అడగవచ్చు. జవాబు టీఎల్‌ఎస్ చరిత్రలోనే ఉంది.

పాత టీఎల్‌ఎస్‌లో వెర్షన్ కుదుర్చుకునే పద్ధతి సరళం: క్లయింట్ తనకు తెలిసిన అత్యధిక వెర్షన్ చెబుతుంది, సర్వర్ దానికన్నా మించకుండా తనకు తెలిసినదాన్ని ఎంచుకుంటుంది. కాగితం మీద ఇది వెనకటి పొందికే. ఆచరణలో చాలా సర్వర్లు తెలియని పెద్ద సంఖ్య చూడగానే కనెక్షన్ తెంచేసేవి. వాటిని సరిచేయించలేక బ్రౌజర్లు ఒక అడ్డదారి తొక్కాయి: తెగితే తక్కువ వెర్షన్‌తో మళ్లీ ప్రయత్నించడం. దారిలో కూర్చున్న దుండగుడికి ఆ అడ్డదారి వరమైంది. కావాలని కనెక్షన్లు తెంచుతూ క్లయింట్‌ను 1996 నాటి ఎస్‌ఎస్‌ఎల్ 3.0 దాకా దించి, కుకీలు చదివే పూడ్ల్ దాడి 2014 అక్టోబర్‌లో బయటపడింది. 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7507 (ఆర్‌ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) దానికి అడ్డుకట్టగా ఒక సంకేత విలువను తెచ్చింది. మొదట్లోనే తెలియని సంఖ్యను పట్టించుకోకుండా వదిలేసి ఉంటే ఇవేవీ అవసరమయ్యేవి కావు.

2018 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 8446గా వచ్చిన టీఎల్‌ఎస్ 1.3 ఈ అనుభవం వల్లే వింతగా కనిపిస్తుంది. వెర్షన్ గడిలో అది తనను తాను 1.2 అనే చెప్పుకుంటుంది. అసలు వెర్షన్ల జాబితా 43వ ఎక్స్‌టెన్షన్‌లో ఉంటుంది. 2017లో క్రోమ్ 56తో దాని ముసాయిదా రూపాన్ని విడుదల చేస్తే, అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక పాఠశాల జిల్లాలో ప్రాక్సీ వల్ల విద్యార్థుల క్రోమ్‌బుక్‌లు నిలిచిపోయాయి. దాంతో రూపకర్తలు హ్యాండ్‌షేక్‌ను 1.2లోని సెషన్ పునఃప్రారంభంలా కనిపించేలా మార్చారు. క్లయింట్ అవసరం లేకపోయినా 32 బైట్ల సెషన్ ఐడీ పంపుతుంది, సర్వర్ దాన్నే తిప్పి పంపుతుంది, మధ్యలో ఏ పనీ చేయని ఒక ఛేంజ్ సైఫర్ స్పెక్ రికార్డ్ పోతుంది. మధ్యలోని పెట్టెలను బుజ్జగించడానికి ఒక ప్రమాణమే వేషం వేయాల్సి వచ్చింది.

ఈసారి ఆ వేషం కూడా సాయపడదు. 1216 బైట్లను 32గా కనిపించేలా దాచడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే మీరే సరిచేయాలని అడుగుతున్నాం.

టీఎల్‌ఎస్‌ను మధ్యలో విప్పి చూసే ఇన్‌స్పెక్షన్ ప్రాక్సీలు వాడేవారికి ఒక మాట. ప్రాక్సీ ఒక పక్క సర్వర్, మరో పక్క క్లయింట్. ఒక పక్క అందినదాన్ని అర్థం చేసుకోకుండా మరో పక్కకు అప్పగించకూడదు. టీఎల్‌ఎస్ 1.3 తెలిసిన సర్వర్ 1.2లో జవాబివ్వాల్సి వస్తే, తన 32 బైట్ల రాండమ్‌లో (ప్రతి కనెక్షన్‌కూ కొత్తగా పంపే యాదృచ్ఛిక విలువలో) చివరి 8 బైట్లను ఒక నిర్ణీత గుర్తుతో నింపుతుంది. ఎవరో వెర్షన్ దించారని క్లయింట్ గుర్తుపట్టడానికి ఇది కావాలి. కొన్ని ప్రాక్సీలు సొంత రాండమ్ తయారు చేసుకోకుండా సర్వర్ పంపినదాన్నే క్లయింట్‌కు ఇచ్చేశాయి. క్లయింట్ ఆ గుర్తు చూసి, దాడి అనుకుని కనెక్షన్ తెంచింది. క్లయింట్ చేసింది నూటికి నూరు పాళ్లూ సరైన పని.

సర్వర్ నడిపేవారు మొదట తేల్చుకోవాల్సింది టీఎల్‌ఎస్ ఎక్కడ ముగుస్తోందన్నది. వెబ్ సర్వర్‌ను ఎంత నవీకరించినా, ముందున్న లోడ్ బ్యాలెన్సర్ దగ్గర ముగుస్తుంటే లాభం లేదు. ఆ చోట ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.5 లేదా దానికి సమానమైన లైబ్రరీ పెట్టి, ప్రాసెస్‌ను పూర్తిగా ఆపి మొదలుపెట్టండి. కాన్ఫిగరేషన్ రీలోడ్ చేసినంత మాత్రాన పాత లైబ్రరీ మెమరీ నుంచి పోదు. తర్వాత కాన్ఫిగరేషన్ ఫైలులో కర్వ్‌ల (కీ మార్పిడి పద్ధతుల; గ్రూపులన్నా ఇవే) జాబితా ఎవరైనా చేత్తో రాసి పెట్టారేమో చూడండి. అలా రాసి ఉంటే లైబ్రరీకి కొత్త పద్ధతి వచ్చినా సర్వర్ దాన్ని ఎప్పటికీ వాడదు. ఆ వరుస తీసేసి డిఫాల్ట్‌కు వదిలేయడం మేలు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో వచ్చే క్లయింట్ ఉపకరణంలో గ్రూపుల ఎంపికకు కొత్త పద్ధతి ఒక్కటే ఇచ్చి మీ సర్వర్‌కు కనెక్ట్ అవండి. కుదిరితే పని చేస్తున్నట్టు. తర్వాత పాత ఎక్స్25519 ఒక్కటే ఇచ్చి, ఆపైన టీఎల్‌ఎస్ 1.2 మాత్రమే ఇచ్చి చూడండి. ఈ మూడూ పాసైతేనే ఉత్పత్తిలోకి పంపండి.

బ్యాలెన్సర్ వెనుక పది సర్వర్లుంటే అన్నీ ఒక్కసారిగా మారవు. అది ఫర్వాలేదు, ప్రతి కనెక్షన్ విడిగా కుదురుతుంది. ఒక్క మినహాయింపు ఉంది. హ్యాండ్‌షేక్ పూర్తికాకముందే డేటా పంపే 0-ఆర్‌టీటీ సౌకర్యాన్ని, అన్ని సర్వర్లూ 1.3లో నిలకడగా నడిచాకే ఆన్ చేయండి. ముందే ఆన్ చేస్తే, కొత్త సర్వర్ గత కనెక్షన్‌లో ఇచ్చిన టికెట్‌తో క్లయింట్ ముందస్తు డేటా పంపుతుంది. అది పాత 1.2 సర్వర్‌కు తగిలితే కనెక్షన్ విఫలమవుతుంది. ఆన్ చేశాక సర్వర్లను వెనక్కి 1.2కు దించినా అదే జరుగుతుంది.

పాతవాటిని ఎప్పుడు మూయాలి? టీఎల్‌ఎస్ 1.0, 1.1లను ఆర్‌ఎఫ్‌సీ 8996 2021 మార్చిలో పక్కన పెట్టింది, వాటిని తీసేయాల్సిందే. కానీ లెక్క చూసి తీయండి. యాక్సెస్ లాగ్‌లో ప్రతి కనెక్షన్‌కూ వెర్షన్, కర్వ్ రెండూ రాయించండి. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌లో రెండింటికీ వేరియబుల్స్ ఉన్నాయి. కనీసం ఒక పూర్తి నెల చూడండి, ఎందుకంటే కొన్ని పరికరాలు నెలాఖరు లెక్కలకు మాత్రమే సర్వర్‌ను తాకుతాయి. ఆండ్రాయిడ్ 5.0 కన్నా పాతవాటిలో టీఎల్‌ఎస్ 1.2 డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండదు. చాలా జావా 7 క్లయింట్లదీ అదే పరిస్థితి. అలాంటి చేతి యంత్రాలు ఇంకా ఊళ్లలో వాడుతుంటే, వాటి కోసం వేరే హోస్ట్ పేరు, వేరే సర్వర్, అవసరమైన సేవలు మాత్రమే పెట్టి, మూసే తేదీని ముందే ప్రకటించండి. వాటి కోసం ప్రధాన సర్వర్ భద్రతను అందరికీ తగ్గించకండి. లెక్క చూడకుండా ఒక రాత్రి మూసేస్తే తెల్లారి క్యూలో నిలబడేది పింఛనుదారులు.

మీ శాఖ సొంతంగా రాయించుకున్న ప్రోటోకాల్‌లకూ ఇదే వర్తిస్తుంది. ప్రతి సందేశం ముందు నిడివి ఉండాలి, ప్రతి ఫీల్డ్‌కు సంఖ్య, నిడివి ఉండాలి. అప్పుడే తెలియని ఫీల్డ్‌ను దాటుకుని ముందుకు పోవచ్చు. తెలియని సంఖ్యకు తప్పు చూపకూడదు. తెలిసిన ఫీల్డ్‌లో తప్పు విలువ ఉంటే మాత్రం కచ్చితంగా తిరస్కరించాలి. ఈ రెండింటినీ కలిపేయకండి. ఫీల్డ్ అర్థం మారితే కొత్త సంఖ్య ఇవ్వండి. కీ మార్పిడి ముసాయిదా రూపానికి 25497 ఉండేది, ప్రమాణం ఖరారై గణితం కాస్త మారగానే 4588 ఇచ్చారు. పాతదే ఉంచి ఉంటే ముసాయిదా సర్వర్లు, కొత్త క్లయింట్లు ఒకే పేరుతో వేర్వేరు తాళాలు తయారు చేసుకునేవి. ఇక విడుదల వరుస: కొత్తదాన్ని చదవగలిగే సర్వర్లు ముందు, దాన్ని రాసే క్లయింట్లు తర్వాత. వెనక్కి తీసుకోవాల్సి వస్తే దీనికి తలకిందుల వరుస.

ప్రోటోకాల్‌లో ముందు ముందు కోసం వదిలిన ఖాళీలు వాడక తుప్పు పట్టకుండా ఒక ఏర్పాటు కూడా ఉంది. 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8701గా వచ్చిన గ్రీజ్ పద్ధతిలో, అర్థం లేని 16 విలువలను శాశ్వతంగా కేటాయించి, క్లయింట్లు వాటిని యాదృచ్ఛికంగా జాబితాల్లో కలుపుతాయి. తెలియని విలువకు తెగిపోయే సర్వర్‌ను తయారు చేసినవాడికి ఆ తప్పు మొదటి రోజే తెలుస్తుంది, పదేళ్ల తర్వాత కాదు. మీ సొంత క్లయింట్‌లోనూ ఇలాంటి రెండు మూడు సంఖ్యలు పక్కన పెట్టి పంపించండి.

టెండర్ కమిటీలకు. 'టీఎల్‌ఎస్ 1.3 సపోర్ట్ ఉండవలెను' అన్న ఒక్క వాక్యం చాలదు. ఆ వాక్యం ఉన్న పరికరమే రెండు ప్యాకెట్ల హలోకు పడిపోవచ్చు. అంగీకార పరీక్షలో ఇవి రాయండి. క్లయింట్ హలోను రెండు సెగ్మెంట్లుగా విడగొట్టి, మధ్యలో ఒక సెకను ఆగి పంపితే కనెక్షన్ కుదరాలి. ఒక్కో బైటుగా పంపినా కుదరాలి. సర్వర్ పేరు రెండో సెగ్మెంట్‌లో ఉన్నప్పుడు ఫిల్టర్ నియమం సరిగ్గా అమలవ్వాలి. గ్రీజ్ విలువలు వెర్షన్లలో, గ్రూపుల్లో, ఎక్స్‌టెన్షన్లలో ఉన్నా కుదరాలి. 10 కిలోబైట్ల క్లయింట్ హలోకు కూడా పరికరం నిలవాలి. టీసీపీకి బదులు యూడీపీ మీద నడిచే క్విక్ ప్రోటోకాల్‌లో హలో రెండు యూడీపీ ప్యాకెట్లలో వచ్చినప్పుడూ ఇవే పరీక్షలు జరగాలి. ఫర్మ్‌వేర్ సరిదిద్దే బాధ్యత ఎన్నేళ్లో ఒప్పందంలో ఉండాలి, పరికరం ఎన్నేళ్లు వాడతారో అన్నేళ్లూ.

10 కిలోబైట్లు అని ఊరికే రాయలేదు. తర్వాతి మార్పు సర్టిఫికెట్లలో, అంటే సర్వర్ పంపే జవాబులో వస్తుంది; పెద్ద సందేశాలను తట్టుకోవడం ఆ పెట్టెకు ముందే తెలిసి ఉండాలి. ఈనాటి డిజిటల్ సంతకం పద్ధతి ఈసీడీఎస్‌ఏ పీ-256లో సంతకం 64 బైట్లు. క్వాంటం దాడిని తట్టుకునే, ఫిప్స్ 204లోని ఎంఎల్-డీఎస్‌ఏ-44 సంతకం 2420, దాని పబ్లిక్ కీ 1312. సర్వర్ సర్టిఫికెట్, మధ్యస్థ సర్టిఫికెట్, హ్యాండ్‌షేక్ సంతకం అన్నీ కలిస్తే టీసీపీ మొదటి విడతలో పంపగల పది సెగ్మెంట్లు, అంటే సుమారు 14600 బైట్లు, నిండడానికి ఎంతో దూరం ఉండదు. ఇప్పుడు కొనే పెట్టె అప్పటికీ ర్యాక్‌లోనే ఉంటుంది.

కాబట్టి మా అభ్యర్థనలు ఇవి. కొత్త కీ మార్పిడిని పాలసీతో ఆపి ఉంటే, ఆపిన కారణాన్ని, మళ్లీ ఆన్ చేసే తేదీని రాసి పెట్టండి. మీ ఫైర్‌వాల్ మీద పైన చెప్పిన రెండు సెగ్మెంట్ల పరీక్ష ఈ నెలలోనే చేయండి; ఒక ల్యాప్‌టాప్, ఒక చిన్న స్క్రిప్టు, ఒక పూట చాలు. విఫలమైతే పరికరం మోడల్, ఫర్మ్‌వేర్ వెర్షన్, పట్టిన ప్యాకెట్ ఫైలు జతచేసి తయారీదారుకు ఫిర్యాదు పంపండి, ఆ ఫలితాన్ని మీలాంటి ఇతర శాఖలకూ తెలియజేయండి. ఒకే ఫర్మ్‌వేర్ ఎన్నో కార్యాలయాల్లో నడుస్తుంది. ఒకచోట దొరికిన సవరణ మిగతావారికి ఆ పూట శ్రమ తప్పిస్తుంది.

ఇట్లు,
సర్వర్లు, నెట్‌వర్క్‌లు నడిపే మీ తోటి ఇంజనీర్లు